మేకపిల్లలకు అరుగుదల పొడి పెట్టాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కనిగిరి వైపు పల్లె. రెండేళ్ల కిందట డ్వాక్రా లోన్‌తో మేకలు కొన్నాను. ఇప్పుడు 18 తల్లులు, 27 పిల్లలు ఉన్నాయి. పిల్లల్లో 11 మూడు వారాల లోపువి, మిగతావి రెండు నుంచి నాలుగు నెలలవి. చిన్నవాటిలో కొన్నింటికి తల్లి పాలు చాలక రాగిజావలో బెల్లం కలిపి పోస్తున్నాను. అవి పల్చగా పారుతున్నాయి, రెండు చనిపోయాయి. పెద్దవాటికి పొట్టలు వచ్చాయి, వెంట్రుక గరుకుగా లేచి ఉంటోంది, తిన్నది ఒంటికి పట్టడం లేదు. మందుల షాపులో అడిగితే అరుగుదల లేదని చెప్పి ఎంజైమ్ పొడి ఇచ్చారు. అరకిలో 380 రూపాయలు. వేడి జావలో కలిపి పన్నెండు రోజులుగా అన్నింటికీ పెడుతున్నాను, మార్పు లేదు. మా బంధువులు కోళ్లకు ఇలాంటిదే వాడితే బాగా పనిచేసిందట. మోతాదు పెంచమంటారా? ఇంకా ఖరీదైన లిక్విడ్ కూడా ఉందంటున్నారు, అది కొననా?

జవాబు: అమ్మా, లిక్విడ్ కొనకండి, మోతాదూ పెంచకండి. ఇవాళ సాయంత్రం నుంచే చిన్న పిల్లలకు బెల్లం జావ ఆపేయండి. మిగతా మాటలన్నీ తర్వాత. మీ ఉత్తరం చదువుతుంటే నాకు ముందు భయం కలిగించింది ఆ జావే. మీరు ఆకలితో ఉన్న పిల్ల కడుపు నింపాలనే పోశారు, అందులో తప్పేమీ లేదు. కానీ మూడు వారాల లోపు మేకపిల్ల పొట్టకు జావా తెలియదు, బెల్లమూ తెలియదు.

ఎందుకో చెబుతాను. మేకకు నాలుగు గదుల పొట్ట అని మీకు తెలుసు. పెద్ద మేకలో మొదటి గది చాలా పెద్దది, మేత నానేదీ మళ్లీ నోట్లోకి నెమరుకు వచ్చేదీ అక్కడి నుంచే. అప్పుడే పుట్టిన పిల్లలో మాత్రం ఆ గది చిన్న సంచిలా ముడుచుకుని ఉంటుంది. నాలుగో గదే పెద్దది. పిల్ల మెడ చాచి పాలు చీకుతున్నప్పుడు లోపల ఒక కాలువలాంటిది మూసుకుని, పాలు మొదటి గదిలో పడకుండా తిన్నగా నాలుగో గదికి చేరతాయి. ఎంజైమ్ అంటే తిన్నదాన్ని విరగ్గొట్టి అరిగించడానికి ఒళ్లు తయారు చేసుకునే పదార్థం. అక్కడ ఉండే ఒక ఎంజైమ్ పాలను గడ్డకట్టిస్తుంది, ఆ గడ్డ నెమ్మదిగా అరుగుతుంది. పాలలోని చక్కెరను విరగ్గొట్టే లాక్టేజ్ కూడా పుట్టుకతోనే పేగులో నిండుగా ఉంటుంది. అంటే పాలు అరిగించుకోవడానికి కావలసినవన్నీ ఆ పిల్ల తనతోనే తెచ్చుకుంది. పాలు తాగే పిల్లకు పాలు అరగడం కోసం మనం బయటి నుంచి కలపాల్సింది ఏమీ లేదు.

ఆ వయసులో దాని దగ్గర లేనివి వేరే ఉన్నాయి. రాగి, బియ్యం, మొక్కజొన్నల్లో ఉండే పిండి పదార్థాన్ని విరగ్గొట్టే అమైలేజ్ చాలా తక్కువగా ఉంటుంది, వయసుతో పాటు పెరుగుతుంది. ఇక బెల్లంలో ఉన్న తీపిని విరగ్గొట్టే ఎంజైమ్ మేక పేగులో పెద్దయ్యాక కూడా దాదాపు ఉండదు. మన పంచదారా అంతే. అరగని ఆ తీపి కింది పేగుకు చేరి, పులిసి, ఒంట్లోని నీళ్లను పేగులోకి లాగుతుంది. పిల్ల పారుకుంటుంది. నీరసంగా ఉంది కదా అని మనం మళ్లీ బెల్లం నీళ్లే పోస్తాం. మనుషుల పిల్లలకు పనిచేసే చిట్కా మేకపిల్లకు ఎదురు తిరిగేది ఇక్కడే.

పొడిలో అమైలేజ్ ఉంటుంది కదా, జావ అరగాలి కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన అనుమానమే. కానీ మీరు దాన్ని వేడి జావలో కలిపారు. పొంగుతున్న పాలలో తోడు వేస్తే పెరుగు అవుతుందా? ఎంజైమ్‌లో ప్రాణం లేదు గానీ అది కూడా ఒక మాంసకృత్తే. వేడికి దాని రూపం చెడిపోతుంది, ఆ తర్వాత పొడిగా మిగులుతుంది తప్ప పని చేయదు. ఒకవేళ చల్లార్చి కలిపినా, గిన్నెలోంచి గబగబా తాగించిన జావ కొంత మొదటి గదిలోకి జారుతుంది. ఇంకా పని నేర్చుకోని ఆ సంచిలో అది పులుస్తుంది. పొట్ట ఉబ్బడం, పుల్లటి వాసన, తర్వాత పారుడు.

కాబట్టి పాలు చాలని పిల్లలకు పాలే ఇవ్వండి. పాలు మిగులుతున్న ఇంకో మేకవి అయితే మంచిది, లేకపోతే ఆవు పాలు సరిపోతాయి. రెండు కిలోల పిల్లకు రోజంతటికీ సుమారు 300 మిల్లీలీటర్లు, మూడు నాలుగు సార్లుగా, గోరువెచ్చగా, పీక ఉన్న సీసాతో పట్టండి. సీసాను తల్లి పొదుగు ఉండే ఎత్తులో పట్టుకుంటే పిల్ల మెడ చాచి చీకుతుంది, నేను చెప్పిన కాలువ మూసుకుంటుంది. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి పోయకండి. ప్రతిసారీ సీసా, పీక వేడినీళ్లతో కడగాలి. మామూలు పనిలా కనిపిస్తుంది గానీ, సరిగా కడగని సీసా వల్ల పోయిన పిల్లలను నేను చాలా చూశాను.

ఇప్పుడు పారుతున్న చిన్న పిల్లలకు పాలు పూర్తిగా మానేయకండి. ఒక పూట పాలు, మరో పూట మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ నీళ్లు ఇవ్వండి. అందులో ఉండేది గ్లూకోజ్, అది మేకపిల్ల పేగులోంచి నేరుగా ఒంట్లోకి పోతుంది. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, ఒక్కసారికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రోజుకు మూడు నాలుగు సార్లు. మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదలండి. వెంటనే వెనక్కి పోకుండా ముడతలా నిలబడితే, కళ్లు లోపలికి పోతే, పిల్ల నోరు చల్లగా ఉండి చీకలేకపోతే ఇంటి వైద్యం సరిపోదు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి పశువుల ఆసుపత్రికి పిల్లను ఎత్తుకుని వెళ్లండి. అలాంటి పిల్ల తెల్లారేదాకా ఆగదు.

ఈ వయసు పిల్లల గురించి ఇంకో మాట. ఇకపై ఈనే మేకల దగ్గర మొదటి రోజు ముర్రుపాలు తప్ప ఏ చుక్కలూ, ఏ పొడీ వేయకండి. ముర్రుపాలలో రోగనిరోధక శక్తి ఉంటుందని అందరూ చెబుతారు. అది ఉండేది కూడా మాంసకృత్తుల రూపంలోనే. పిల్ల సొంత ఎంజైమ్‌లు వాటిని అరిగించేయకుండా, ఆ ఎంజైమ్‌లను కొంతసేపు అడ్డుకునే పదార్థాన్ని కూడా ప్రకృతి అవే ముర్రుపాలలో పెట్టింది. మొదటి రోజు పిల్ల పేగు ఆ రక్షణను ముక్కలు చేయకుండా యథాతథంగా రక్తంలోకి తీసుకుంటుంది. 24 గంటలు గడిచేసరికి ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. మొదటి గంటా రెండు గంటల్లోనే చీకించి, మొదటి రోజు మొత్తం మీద పిల్ల బరువులో పదో వంతు ముర్రుపాలు తాగేలా చూడండి. అరుగుదల కోసం మాంసకృత్తులను విరగ్గొట్టే ప్రోటియేజ్ ఉన్న పొడిని ఆ రోజే నాలుక మీద వేయడం ఆ ఏర్పాటుకు అడ్డం పోవడమే.

ఇక మీ పెద్ద పిల్లలు. పొట్టలు వచ్చాయి, వెంట్రుక లేచింది, ఒంటికి పట్టడం లేదు అన్నారు. ఇవి అరుగుదల లోపం లక్షణాల్లా కనిపిస్తాయి, కానీ రెండు నుంచి నాలుగు నెలల పిల్లల్లో ఇవి చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది నట్టలు (కడుపులో పురుగులు), కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు. దాన్ని తెచ్చే కాక్సిడియా అనేది కంటికి కనబడని జీవి, పేగు గోడను తినేస్తుంది. పిల్లలు మూడో వారం నుంచి నాలుగైదు నెలల దాకా దీనికి సులువుగా దొరుకుతాయి, పాలు మాన్పించే రోజుల్లో మరీ ఎక్కువ. కొట్టం తడిగా ఉండి, పెంటికలు పడిన చోటే దాణా, నీళ్లు పెడితే ఒక పిల్ల నుంచి అన్నింటికీ పాకుతుంది. పేగు గోడే పాడైతే పైనుంచి ఎంత ఎంజైమ్ పోసినా అరిగినది ఒంట్లోకి వెళ్లే దారి ఎక్కడిది?

సర్వీసులో ఉన్న రోజుల్లో నేను ఒక మంద చూడటానికి వెళ్లాను. అప్పటికి ఆ ఇంట్లో మూడు రకాల అరుగుదల సీసాలు అయిపోయాయి. ఆరు పిల్లల పెంటికలు తెచ్చి సూక్ష్మదర్శిని కింద చూస్తే అయిదింటిలో కాక్సిడియా గుడ్లు కుప్పలుగా ఉన్నాయి. సరైన మందు అయిదు రోజులు వేసి, కొట్టం ఆరబెట్టి, దాణా తొట్టి నేల మీద నుంచి ఎత్తి కట్టించాక ఆ పిల్లలు కోలుకున్నాయి. అప్పటికే పోయినవి పోయాయి. అందుకే నేను ఏ పొడి పేరూ చెప్పకముందు పెంటికల పరీక్ష అడుగుతాను.

పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. ఉదయాన్నే అయిదారు పిల్లల నుంచి అప్పుడే వేసిన పెంటికలు, పల్చగా పారితే ఒక చెంచాడు, వేర్వేరు చిన్న డబ్బాల్లో వేసి మూత పెట్టి, ఏది ఏ పిల్లదో రాసి, ఎండ తగలకుండా అదే రోజు ఆసుపత్రికి చేర్చండి. తీసుకెళ్లేముందు మీరే ఒకసారి చూడండి. బియ్యపు గింజల్లాంటి తెల్లని ముక్కలు కనబడితే బద్దె పురుగులు. రక్తం చారలు ఉంటే కాక్సిడియా అనుమానం. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎర్రగా కాక తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం పీల్చే నట్టలు. ఫలితం వచ్చాక ఏ మందు, పిల్ల బరువుకు ఎంత అన్నది అక్కడి డాక్టరు గారే చెప్పాలి. ఉత్తరంలో మోతాదు రాస్తే అన్ని పిల్లలకూ ఒకే లెక్కన పోసేస్తారు, నాకు ఆ టెన్షన్ ఉంది. పరీక్ష లేకుండా మళ్లీ మళ్లీ నట్టల మందు వేస్తే కొన్నాళ్లకు ఆ మందుకు నట్టలు లొంగడం మానేస్తాయి.

మీ బంధువుల కోళ్ల మాటకు వద్దాం. వాళ్లు అబద్ధం చెప్పలేదు. కోడికి మేకలాంటి మొదటి గది లేదు. గింజల్లో బిగుసుకుని ఉన్న భాస్వరాన్ని విడిపించే ఫైటేజ్, గింజ పొట్టులోని పీచును విరగ్గొట్టే జైలనేజ్ లాంటివి కోడి సొంతంగా చాలినంత చేసుకోలేదు. కాబట్టి దాణాలో కలిపితే ఫలితం కనబడుతుంది. నెమరు వేసే మేక సంగతి వేరు. దాని మొదటి గదిలో కోట్లాది సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. పీచును విరగ్గొట్టే సెల్యులేజ్, ఫైటేజ్, ఇంకా ఎన్నో ఎంజైమ్‌లు అవే తయారు చేస్తాయి. ఒకే ప్యాకెట్ మీద కోడి, ఆవు, మేక బొమ్మలు పక్కపక్కనే వేసి అమ్ముతుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ మూడు పొట్టలూ ఒకటి కావు.

మరి మేకలకు ఎంజైమ్‌లు అసలు పనికిరావా అంటే, అలా అనను. పాలు మానేసి, నెమరు బాగా వేస్తూ, ఎక్కువగా ఎండుమేత మీద పెరిగే పిల్లలకు సెల్యులేజ్, జైలనేజ్ ఉన్న పొడులతో కొన్ని పరిశోధనల్లో పీచు కాస్త మెరుగ్గా అరిగింది, బరువూ పెరిగింది. మరికొన్నింటిలో ఏ తేడా రాలేదు. ఏ ఎంజైమ్, ఎంత బలం, ఏ మేత మీద, ఎలా కలిపారు అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. వరిగడ్డి, ముదిరిన జొన్న చొప్పల్లో పీచును పట్టి ఉంచే లిగ్నిన్‌ను ఈ పొడులు విరగ్గొట్టలేవన్నది కూడా గుర్తుంచుకోండి. చెడ్డ మేతను ఏ పొడీ మంచి మేతగా మార్చదు.

అంతకంటే ముఖ్యమైన పని పిల్ల మొదటి గదిని పెంచడం. అది వయసు వస్తే తనంతట తాను పెరిగిపోదు, మేత తగిలితేనే పెరుగుతుంది. రెండో వారం దాటాక పిల్ల ముందు చిటికెడు దాణా, లేత రొట్ట ఉంచితే ముందు వాసన చూస్తుంది, తర్వాత కొరుకుతుంది. దాణా ఆ గదిలో పులిసినప్పుడు పుట్టే ఆమ్లాల వల్ల గోడ మీద వేళ్లలాంటి మొలకలు లేస్తాయి. అరిగిన సారాన్ని పీల్చుకునేవి అవే. పీచు మేత ఆ సంచిని సాగదీసి కండ పట్టిస్తుంది. సూక్ష్మజీవులు తల్లి నాకడం వల్ల, పెద్ద మేకలు కొరికిన రొట్టను కొరకడం వల్ల వచ్చి చేరతాయి. పిల్లలను పగలంతా గంప కింద మూసి తల్లులను మేతకు తోలుకెళ్లే అలవాటు మన వైపు ఉంది. కుక్కల భయం నాకు తెలుసు, కానీ గంప కింద కూడా రెండు రెమ్మలు వేలాడదీయండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మంచి నెమరు పడుతుంది. సొంత ఎంజైమ్ కార్ఖానా అక్కడ తయారైనట్టే.

పిల్లల దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. పది కిలోలకు మొక్కజొన్న నూక నాలుగున్నర కిలోలు, వేరుశెనగ చెక్క మూడు కిలోలు, తవుడు రెండు కిలోల రెండు వందల గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. చెక్క బూజు పట్టినదైతే అస్సలు వద్దు, ఆ బూజు విషం పిల్ల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నెల వయసు పిల్లకు రోజుకు 50 గ్రాములు, రెండు నెలలకు 100, మూడు నెలలకు 200 దాకా మెల్లగా పెంచండి. ఒక్కసారిగా గంపెడు గింజలు పెడితే పొట్ట పుల్లబడుతుంది, ఉన్నట్టుండి చంపేసే చిటుకు రోగానికీ దారి తీస్తుంది. పెద్ద మేకలు రాకుండా, పిల్ల మాత్రమే దూరేంత సందు వదిలి తడిక కట్టండి, దాణా లోపల పెట్టండి. అవిశె, సుబాబుల్, దశరథ గడ్డి, కంది పొట్టు, వేరుశెనగ తీగ ఏది దొరికితే అది ఎండబెట్టి గానీ పచ్చిగా గానీ ఇవ్వండి. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి, ఎక్కువైతే వెంట్రుక రాలుతుంది. ఎండుగడ్డికి యూరియా కలిపి మెత్తబరచమని ఎవరైనా చెప్పవచ్చు. ఆరు నెలల లోపు పిల్లలకు అది వద్దు.

పాలు మాన్పించడానికి వయసు ఒక్కటే చూడకండి. పుట్టినప్పటి బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్లు అయి, రోజూ దాణా స్థిరంగా తింటున్న పిల్లకు మాన్పించండి. ఒక్కరోజులో కాదు, వారం పది రోజుల మీద.

ఇవన్నీ కుదిరి, పరీక్షలో పురుగులూ కాక్సిడియా లేవని తేలి, మీ మూడు నెలలు దాటిన పిల్లలు ఎండుమేత మీద ఉంటే, అప్పుడు మీ దగ్గర మిగిలిన పొడిని మీరే పరీక్షించి చూడవచ్చు. ముందు ప్యాకెట్ వెనక చదవండి. సెల్యులేజ్, జైలనేజ్ పేర్లు, గ్రాముకు ఎన్ని యూనిట్లో రాసి ఉండాలి. ఉత్తినే మల్టీ ఎంజైమ్ అని మాత్రమే రాసి, బలం చెప్పని పొడికి రూపాయి పెట్టకండి. తయారీ తేదీ, గడువు చూడండి. ప్యాకెట్‌లో చెప్పిన మోతాదును చల్లని నీళ్లలో కలిపి, తరిగిన ఎండుమేత మీద చిలకరించి, కలియబెట్టి, కొన్ని గంటలు అలాగే ఉంచి పెట్టండి. మేతను పట్టుకుని ఉంటే ఆ ఎంజైమ్ పొట్టలో కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. నోట్లో పోయడం, తాగేనీళ్లలో కలపడం దండగ.

అన్ని పిల్లలకూ ఒకేసారి పెట్టకండి. పది పిల్లలుంటే అయిదుకు పెట్టి అయిదుకు మానేయండి. కవల పిల్లలుంటే ఒకటి ఇటు, ఒకటి అటు. పోతులు, పెంటులు రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక గుంపు మెడకు ఎర్ర తాడు, ఇంకో గుంపుకు పచ్చ తాడు కట్టండి. మిగతా మేత, దాణా, నీళ్లు అన్నీ ఒకటే. పదిహేను రోజులకోసారి, పొద్దున మేత పెట్టకముందు, గోనెసంచిలో వేసి వేలాడే కాటా మీద తూచి నోటు పుస్తకంలో రాయండి. డ్వాక్రా సంఘంలో ఉన్న మీకు ఇది కష్టం కాదు. రెండు నెలలు చేయండి. మన నాటు పిల్ల మంచి మేత మీద రోజుకు 60 నుంచి 80 గ్రాములు పెరిగితే బాగా పెరిగినట్టే. ఎర్ర తాడు పిల్లలు రెండు నెలల్లో పచ్చ తాడు పిల్లల కంటే సగటున అర కిలో ఎక్కువ తూగాయనుకోండి, ఆ అర కిలోకు సంతలో వచ్చే డబ్బు ఒక్కో పిల్లకు పెట్టిన పొడి ఖర్చు కంటే ఎక్కువైతేనే కొనసాగించండి. తేడా లేకపోతే ఆ డబ్బుతో ఖనిజ లవణ మిశ్రమం కొనండి.

ప్యాకెట్‌ను గట్టిగా మడిచి, గాలి చొరని డబ్బాలో పెట్టి, పొయ్యి దగ్గర కాకుండా చల్లని పొడి చోట దాచండి. ఎండలో, తడిలో ఉంటే నెలలోనే బలం తగ్గిపోతుంది. మీ చిన్న పిల్లలకు మూడు నెలలు వచ్చేదాకా దాని అవసరం రాదు. గడువు అంతకంటే ముందే తీరితే పారేయండి, మిగిలింది కదా అని పెట్టేయకండి. ఈ వారం మాత్రం ముందు పెంటికలు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫలితం కాగితం మీద వాళ్లు రాసిచ్చినది, ఆ 11 చిన్న పిల్లలు ఎలా ఉన్నాయన్నదీ నాకు మళ్లీ రాయండి.